తాత తారుమారు చేసిన రెండు లోయలు

సీనగ్ వాళ్ల తాత రెండు లోయలను ఒక్క పూటలో అటుదిటు, ఇటుదటు చేసిన మనిషి. చేత్తో కాదు, నోటితో. పటాలు గీసే ఇంగ్లీషువాళ్లు వచ్చి పేర్లు అడిగితే, కొండకు దక్షిణాన పచ్చిక ఉన్న దూడల లోయను "గరుకు లోయ" అన్నాడు. ఉత్తరాన రాళ్లు తప్ప ఏమీ లేని గరుకు లోయను "దూడల లోయ" అన్నాడు. ఇంగ్లీషు జమీందారు ఆ పటం చూసుకుని మూడు వందల గొర్రెల్ని రాళ్లమీదికి తోలించాడట. అవి ఇంగ్లీషులో తిట్టుకుంటూ దిగి వచ్చాయట. పచ్చిక మాత్రం తాత ఆవులకు మిగిలింది.

అప్పటినుంచి ఆ ఇంట్లో ఒక కట్టుబాటు. మనలో మనకు అసలు పేర్లు, బయటివాళ్లకు పటం పేర్లు. గుట్టు బయటపెడితే తాత మీద ఒట్టు.

ఒక నవంబరు మధ్యాహ్నం పొగమంచు దిగింది. సీనగ్ తమ్ముడు యాఖన్ పొద్దున అంగడిలో "రెండు గొర్రెలు తప్పిపోయాయి, దూడల లోయకు పోతున్నా" అని చెప్పి వెళ్లాడు. ఇంకా రాలేదు. వెతకడానికి ఎనిమిది మంది పోగయ్యారు. చీకటి పడేలోగా ఒక్క లోయే చూడగలరు.

పోలీసు సార్జెంట్ గిల్లిస్ పటం పరిచి ఉత్తరం వైపు వేలు పెట్టాడు. సీనగ్ ఆ వేలు పట్టుకుంది.

"అది కాదు నాయనా. మా తాత అబద్ధం చెప్పాడు. దూడల లోయ దక్షిణాన ఉంది."

"సర్కారు పటం తప్పా అమ్మా?"

"సర్కారు మా తాతను నమ్మింది. నేనేం చేసేది?"

ఎవరో పక్కున నవ్వి, ఆమె ముఖం చూసి ఆపేశారు. సీనగ్ మాత్రం అప్పటికే గతుక్కుమంది. తమ్ముడు ఆ మాట చెప్పింది ఇంట్లో కాదు, అంగడిలో. బయటివాళ్లకు పటం పేరే చెప్పి ఉంటే వాడు పోయింది ఉత్తరానికి.

"కర్స్టీ, వాడు నీతో గేలిక్‌లో అన్నాడా, ఇంగ్లీషులోనా?" తమ కొండభాష గేలిక్‌లో అయితే నోటికి అసలు పేరే వస్తుంది, ఇంగ్లీషులో అయితే పటం పేరు.

అంగడి కర్స్టీ తల పట్టుకుంది. "నాకు రెండూ ఒకటే కదే! పొగాకు కొన్నాడు, పోయాడు. గుర్తు లేదు తల్లీ."

"త్వరగా చెప్పమ్మా, వెలుతురు పోతోంది," అన్నాడు సార్జెంట్.

"దక్షిణం," అంది సీనగ్. మనుషులు కదిలారు. వాళ్ల వీపులు మంచులో కలిసేదాకా చూసి, ఎందుకైనా మంచిదని ఊతకర్ర తీసుకుని ఆమె ఒంటరిగా ఉత్తరం దారి పట్టింది.

అరవై ఏళ్ల మోకాళ్లతో రాళ్లెక్కుతూ, పేరు పెట్టి అరుస్తూ పోయింది. గొంతు జీరబోయింది. ఒక బండ చాటునుంచి మూలుగు వినబడింది. యాఖన్ కాలు మోకాలి కింద విరిగి వంకరపోయి ఉంది, పెదాలు నీలంగా ఉన్నాయి.

"ఒక్కదానివేనా అక్కా? మిగతావాళ్లేరి?"

"దక్షిణాన. నేనే పంపాను."

"అయితే గుట్టు చెప్పేశావా?"

"ఊరందరి ముందూ."

"పైనున్న తాత మనల్ని బతకనివ్వడు," అన్నాడు వాడు, పళ్లు టకటక కొట్టుకుంటుంటే.

సీనగ్ కోటు విప్పి ఇద్దరి మీదా కప్పింది. వాణ్ణి గుండెకు అదుముకుని, కొండకు అవతల ఉన్నవాళ్ల కోసం మళ్లీ కేకేసింది. గాలి దక్షిణం నుంచే వీస్తోంది. కేక ఆమె ముఖానికే తిరిగొచ్చి కొట్టింది. ఇంకొకటి వేసింది.