వియ్యంకుడికి ఎదురుగా ఉన్న గుమ్మం

కరాకోల్ పట్టణ చరిత్ర రాసిన పెద్దలు జారు చక్రవర్తుల గురించీ, భూకంపాల గురించీ పేజీలకు పేజీలు నింపారు గాని, వడ్రంగి తుర్దుబాయ్ పని మొదలుపెట్టే ముందు కాసేపు కూర్చుంటాడనే మహత్తర విషయాన్ని పూర్తిగా విస్మరించారు.

కూర్చోవడమంటే ఏ మూలనో కాదు. గుమ్మానికి సరిగ్గా ఎదురుగా, గది లోపలి గోడ దగ్గర, ఇంటికొచ్చిన అతి గౌరవనీయుడికి మాత్రమే పరుపులు పరిచే తోర్ మీద. అక్కడ బాసింపట్టు వేసుకుని, టోపీ సర్దుకుని, సందులు నోరు తెరుచుకున్న గుమ్మం కేసి ఖాన్‌లా చూస్తాడు.

ద్వారబంధానికీ గోడకీ మధ్య సందు కనబడకుండా చుట్టూ చెక్క పట్టీలు కొట్టడం అతని వృత్తి. కిటికీలకైతే నిలబడే కొట్టేస్తాడు. "కిటికీలోంచి చూస్తారు గాని కిటికీని ఎవడు చూస్తాడు? గుమ్మం అలా కాదు. తోర్ మీద కూచున్నవాడు విందు ముగిసేదాకా దాని మొహమే చూడాలి" అంటాడు. మా ఊళ్లో పాత మట్టి ఇళ్లన్నీ ఏదో ఒక పక్కకి ఒరిగినవే కాబట్టి ఈ సిద్ధాంతానికి ఉపాధి లోటు లేదు.

మా పక్కింటి బత్మా కొడుక్కి నరీన్ ఊరి సంబంధం కుదిరింది. కాబోయే వియ్యంకుడు ఎసెన్‌గుల్ శనివారం మొదటిసారి వస్తున్నాడు. శుక్రవారం తుర్దుబాయ్ సంచీతో వచ్చి, తిన్నగా తోర్ ఎక్కాడు.

"లేవయ్యా! అది వియ్యంకుడికి వేసిన పరుపు!" అంది బత్మా.

"అందుకే కూచున్నా వదినా. ఆయన కంటికేగా నేను కొట్టేది."

"ఆయన నీకంటే పొడుగటయ్యా."

"అయితే ఇంకో దిండు పడెయ్."

పడేసింది. తుర్దుబాయ్ ఒక మేకు కొట్టడం, వెనక్కొచ్చి దిండెక్కి కూచోవడం, ఒక కన్ను మూసి నిట్టూర్చి మళ్లీ వెళ్లడం. సాయంత్రానికి పట్టీలు పడ్డాయి. తోర్ మీంచి చూస్తే గుమ్మం సిపాయిలా నిటారుగా ఉంది. ఇంకెక్కణ్ణుంచి చూసినా పక్కింటి కబుర్లు వినడానికి ఒరిగినట్టుంది.

బత్మా మొగుడు జుమాదిల్ ఎవరిదో రసమట్టం అడిగి తెచ్చి పట్టీకి ఆనించాడు. బుడగ ఓ చివరికి పోయి నక్కింది.

"ఇదేంటయ్యా, వంకర!"

"వంకర గోడది. పట్టీ తిన్నగా కొడితే గోడ బండారం బయటపడుతుంది. అందుకని రెంటికీ రాజీ చేశా."

"ఆయన నరీన్‌లో ముప్పయ్యేళ్లుగా ఇళ్లు కడుతున్నవాడయ్యా!" బత్మా నెత్తి పట్టుకుంది. "గుమ్మం వంకరైతే వంశమే వంకరంటాడు. పిల్లనివ్వడు!"

తుర్దుబాయ్ నోట్లో మేకులు తీసి గంభీరంగా అన్నాడు: "తోర్ మీద కూచోబెట్టే పూచీ నీది వదినా. అక్కణ్ణుంచి తిన్నగా కనబడే పూచీ నాది."

శనివారం ఎసెన్‌గుల్ వచ్చాడు. మహా మర్యాదస్తుడు. తోర్ చూపిస్తే, గుమ్మం పక్క గోడవారనే చతికిలబడబోయాడు.

"నాకిక్కడ చాలు బావగారూ. పైకి మీరెళ్లండి."

"ఎంతమాట! మీరే కూచోవాలి," అన్నాడు జుమాదిల్.

"మీరుండగా నేనా?"

ఈ బేరం ఎంతసేపు సాగితే అంత మర్యాద. కాని ఆ రోజు బత్మా సంప్రదాయాన్ని పక్కనపెట్టి, వియ్యంకుడి కోటు చెయ్యి పట్టుకుని, మొండి గొర్రెపొట్టేలుని లాగినట్టు లాక్కెళ్లి దిండు మీద కుదేసింది.

ఆయన తలెత్తి గుమ్మం వైపు చూశాడు. చూస్తూనే ఉన్నాడు.

గుమ్మం పక్కన టీ నీళ్లు కాగే సమోవార్ దగ్గర కూర్చున్న బత్మా ఖాళీ టీ గిన్నె చేత్తో పట్టుకుని బిగుసుకుపోయింది. జుమాదిల్ రొట్టె తుంచబోయి ఆగాడు. ఓ పక్కన కూచున్న తుర్దుబాయ్ మెడ సారించి, వియ్యంకుడి కంటి ఎత్తు తన లెక్కకు సరిపోయిందా లేదా అని కొలుచుకుంటున్నాడు. ఎసెన్‌గుల్ కనుబొమలు ముడిపడ్డాయి. రెండు వంశాల భవిష్యత్తు ఆ ముడిలో ఇరుక్కుంది.

చివరికి ఎసెన్‌గుల్ గొంతు సవరించుకున్నాడు.

"చెల్లెమ్మా, ఏమీ అనుకోకు. ఆ సమోవార్ ఎప్పణ్ణుంచో మరుగుతోంది."

ఆయన నరీన్‌లో తెల్లవారకముందే బయల్దేరాడు. దారిలో ఎక్కడా టీ దొరకలేదు.