గౌరయ్య ఇచ్చిన ఇంటర్వెల్

గౌరయ్యకు ఇంటర్వెల్ ఇచ్చే జబ్బు ఉంది. సినిమాకు ఇస్తే ఎవరూ ఏమనరు. మేడ్చల్ భవాని టాకీసులో జీవితమంతా ఆపరేటరుగా చేసినవాడు, అది ఆయన పని. కానీ గౌరయ్య పెళ్ళికీ ఇస్తాడు, పంచాయితీకీ ఇస్తాడు, సికింద్రాబాద్ బస్సుకు మచ్చ బొల్లారం దగ్గర కూడా ఇస్తాడు. ఎందుకయ్యా అంటే ఎప్పుడూ ఒకటే జవాబు: "మిషిన్ గరమైంది."

శైలజ పెళ్ళిలో పంతులు మంత్రం మధ్యలో ఉండగా గౌరయ్య లేచి రెండు చేతులూ ఎత్తాడు. "ఇంటర్వెల్!"

పంతులు తెరిచిన నోరు తెరిచినట్టే ఉండిపోయాడు. "పెండ్లిల మిషిన్ ఎక్కడిదయ్యా?"

"సన్నాయి గరమైంది పంతులూ. జర సల్లారనియ్యి."

ఊదేవాడు సన్నాయిని తడిమి చూసుకున్నాడు. అతనికీ వేడిగానే తగిలింది. పెళ్ళికూతురితో సహా అందరూ లేచి నడుములు విరుచుకున్నారు.

గౌడవెల్లిలో ముత్తయ్య, లత వాకిట్లోకి వచ్చి అరుచుకుంటుంటే, దారినపోయే గౌరయ్య సైకిలు ఆపాడు. "ఇంటర్వెల్! చాయ్ తాగి మల్ల మొదలువెట్టుండ్రి." మొగుడూ పెళ్ళాలు చాయ్ తాగారు. తాగాక లతకు కొట్లాట ఎక్కడ ఆగిందో గుర్తు రాలేదు.

"యాడిదాంక వచ్చినం తాతా?" అని ఆయననే అడిగింది.

"మీ తమ్ముని పెండ్లి బట్టల కాడ ఉంటిరి."

"ఆఁ, గా బట్టలు!" అని ఆమె కొంగు దోపుకుంది. ఈలోగా ముత్తయ్యకు నవ్వొచ్చింది. రెండో సగం ఆడలేదు.

ఎన్నికల సభలో ఓ నాయకుడి ప్రసంగానికి కూడా ఇంటర్వెల్ ఇచ్చాడు. మిర్చీలకని వెళ్ళిన జనం మళ్ళీ రాలేదు. నాయకుడు మాత్రం గెలిచాడు. ప్రసంగం సగమే వినబట్టి గెలిచాడని ఊళ్ళో అనుకున్నారు.

ఇలాంటి మనిషిని మళ్ళీ ఆపరేటరు స్టూలు మీద కూర్చోబెట్టాలన్నది మనోరమ పట్టుదల. భవాని టాకీసు ఆమె మామగారి తండ్రి కట్టించింది. మొదట డేరా, తర్వాత రేకుల కప్పు. వాన పడితే మాటలు వినపడేవి కావు, జనం హీరో పెదాలు చూసి ఎవరి కథ వాళ్ళు అల్లుకునేవారు. మూతపడ్డాక అది యూరియా బస్తాల గోదామైంది. మనోరమ బస్తాలు ఖాళీ చేయించింది. గోడల సున్నం గీకిస్తే కింద నెమళ్ళు బయటపడ్డాయి, వాటికి రంగులు వేయించింది. టేకు కుర్చీలకు కొత్తగా కేను అల్లించింది. మగవాళ్ళకూ ఆడవాళ్ళకూ మధ్య ఉండే నడుమెత్తు గోడను మాత్రం, చరిత్ర కదా అని, అలాగే ఉంచింది. చివరికి కొత్త డిజిటల్ ప్రొజెక్టరు తెప్పించింది.

టాకీసులో వాటా ఉన్న ఆమె బావగారు నరసింహకు చరిత్ర కంటే ఫంక్షన్ హాలు మీద ప్రేమ ఎక్కువ. "మనోరమా, ఇయ్యాల్రేపు మూడు గంటలు కుదురుగ కూసునెటోడు ఎవడున్నడు? ఒక్క ఆట ఆడించు. ఇంటర్వెల్‌ల లేస్తే లెక్కగాదు. గది తప్పిచ్చి నడుమ ఒక్కడు లేచినా పడగొట్టిస్త. ఎవ్వడు లేవకుంటే టాకీస్ నీది," అన్నాడు చాయ్ హోటల్లో, నలుగురి ముందు.

"నడుమల మీరే లేస్తే బావా?"

నరసింహకు రోషం వచ్చింది. "నేనా? నేను లేస్తే అప్పుడు గూడ నీదే! అందరు ఇనుండ్రి!"

మనోరమ నేరుగా గౌరయ్య దగ్గరికి వెళ్ళింది. "తాతా, నీకు దండం వెడ్త. ఒక్కటే ఇంటర్వెల్. గిది కొత్త మిషిన్, గరంగాదు."

"మిషిన్ సంగతి మిషినే జూస్కుంటది బిడ్డా," అన్నాడు గౌరయ్య. ఆ మాట ఆమెకు ఏమంత ధైర్యం ఇవ్వలేదు.

ఆదివారం మ్యాట్నీకి శామీర్‌పేట నుంచి, కీసర నుంచి కూడా జనం వచ్చారు. నరసింహ ఎవరు లేస్తారో కనిపెట్టడానికి చివరి వరసలో కూర్చున్నాడు. పెద్దమనిషి కదా, కూర్చునేలోపే గేటు దగ్గర చెరుకు బండి ఈదమ్మ రసం ఇచ్చింది, ఇంకెవరో మజ్జిగ ఇచ్చారు, మరొకరు సోడా కొట్టి ఇచ్చారు. ఇంటర్వెల్‌లో అందరూ బయటికి వెళ్ళొచ్చారు గానీ, ఆయన మాత్రం ఎవరు జారుకుంటారో చూడాలని తలుపు పక్కనే నిలబడి ఇంకో సోడా తాగాడు.

రెండో సగంలో ఎవరూ కదల్లేదు. విలన్ డెన్‌లో హీరోయిన్ ఏడ్చింది, హీరో తల్లి ఏడ్చింది. మనోరమకు గుండె కుదుటపడుతోంది. హీరో గోడ బద్దలుకొట్టి వచ్చి పిడికిలి ఎత్తాడు. బొమ్మ ఆగిపోయింది. లైట్లు వెలిగాయి. క్యాబిన్ కిటికీలోంచి రెండు చేతులు బయటికి వచ్చాయి.

"ఇంటర్వెల్! మిషిన్ గరమైంది!"

హాలంతా ఈలలు, తిట్లు, నవ్వులు. మనోరమ మెట్లు రెండేసి చొప్పున ఎక్కింది.

"నా టాకీస్ ముంచినవ్ గదా తాతా! ఇగ జనం పోతరు!"

"పిడికిలి పైకి లేచి ఉన్నది బిడ్డా. అది వడేదాంక మేడ్చల్‌ల ఎవ్వడు ఇంటికి వోడు. నడుమ ఎవ్వలన్న లేచిండ్రా?"

"ఎవ్వలన్న ఏంది? అందరు లేచిండ్రు!"

"అందరు లేస్తే లేచినట్టు గాదు. గా ఎనక వరస జూడు."

చూసింది. వరసలో నరసింహ లేడు. రెండు చేతులా పంచె పట్టుకుని, జనాన్ని తోసుకుంటూ ఆవరణ చివర ఉన్న మూత్రశాల వైపు పరుగెడుతున్నాడు. ఎన్నికల్లో నిలబడ్డప్పుడు నామినేషన్ వేయడానికి కూడా ఆయన అంత వేగంగా వెళ్ళలేదు.

"పటేలుకు షుగర్ గద," అన్నాడు గౌరయ్య. "పాట కాడికెల్లి చూస్తున్న. ఈ కాలు మీద ఆ కాలు, ఆ కాలు మీద ఈ కాలు. లేస్తే ఇజ్జత్ వోతది. లేవకుంటే ఇంకా ఎక్కువ వోతది."

మనోరమ తల పట్టుకుంది. "ఇంక జరసేపు ఆగితే ఆయనే లేస్తుండె! మనం గెలుస్తుంటిమి!"

"గెలుస్తుంటిమి. ఊరు మాత్రం ఆయన సచ్చేదాంక నవ్వుతుండె."

గౌరయ్య నడుమెత్తు గోడ వైపు వేలు చూపించాడు. "ఎనకట తలుపు మొగోళ్ళ దిక్కే ఉంటుండె. ఆడామె ఒక్కతే లేచి, గంతమంది ముంగట్నించి ఎట్ల వోతది? కుర్చీల ఇటు జరుగుతది, అటు జరుగుతది. గీ కిటికీలకెల్లి నాకు కనవడ్తది. అందరిని లేపితే ఎవ్వల పని ఎవ్వలకు ఎర్క?"

"మరి మిషిన్?"

"దానికేమైంది, మంచిగనే ఉంటుండె. మీ మామ నా మాట నమ్మి కొత్తది తెచ్చిండు పాపం. గదాన్ని గూడ గరం జేసిన."

మనోరమకు నవ్వు ఆగలేదు. కింద జనం ఒక్కొక్కరే వచ్చి కూర్చున్నారు. అందరికంటే చివర నరసింహ వచ్చాడు. ముఖం తేటగా ఉంది. హీరో పిడికిలి దిగింది, విలన్ పడ్డాడు, శుభం పడేదాకా ఎవరూ లేవలేదు.

ఆట అయ్యాక మనోరమ నరసింహ ఎదుట నిలబడింది. "బావా, రెండో ఇంటర్వెల్ మన మాటల లేకుండె..."

"ఇంటర్వెల్ ఇంటర్వెలే. ఒకటైతేంది, రెండైతేంది? నడుమైతే ఎవ్వరు లేవలే. నేను జూసిన గద," అన్నాడు నరసింహ. క్యాబిన్ వైపు ఒకసారి తల ఊపి, జేబులోంచి ఫోను తీసి, బాలరాజు మేస్త్రీకి కలిపాడు.

"బాలరాజూ, రేపు పొద్దుగాల టాకీస్ కాడికి రా... పడగొట్టనీకి గాదయ్యా, కట్టనీకి. తలుపుకు మస్తు దగ్గర్ల కట్టాలె... ఏందా? నువ్వు వచ్చినంక జెప్త. ఈడ ఆడోళ్ళున్నరు."