యుద్ధం ఏడాది బండి

మా నాన్న రేకుల మిల్లులో పనిచేసేవాడు. వేలి గణుపుతో టకటక కొట్టి, చెవి ఆనించి, రేకు గట్టిదో మెత్తదో చెప్పేవాడు. ఒకసారి మా ఇంట్లో బకెట్టు మీద కొట్టి, అది తయారైన రోజు క్యాంటీన్లో ఏ కూర వండారో కూడా చెప్పాడని నేను మా లైను క్వార్టర్లన్నిటా చెప్పుకొచ్చాను. కొందరు నమ్మారు. ఒకావిడ తన బకెట్టు పట్టుకుని వచ్చింది కూడా.

జంషెడ్‌పూర్‌లో మా శ్రీకాకుళం వాళ్లలో కారున్నవాడు లేడు. అయినా ఎవరు పాత కారు కొంటున్నా, ఏ ఏడాదిది మంచిదో చెప్పమని మావాళ్లనే పిలిచేవారు. మావాళ్లు ఇంజను మూత తీసి చూసే రకం కాదు. వాళ్ల లెక్కంతా రేకుతోనే. బంగ్లాదేశ్ యుద్ధం జరిగిన ఏడాది బండికి రేకు మందం, అది ఇనప్పెట్టె లాంటిది. ఆ తర్వాత ఒకటి రెండేళ్లవీ ఫరవాలేదు. ఎమర్జెన్సీ ఏడాది బండయితే ముట్టుకోకూడదు. ఆ రేకులన్నీ మా మిల్లులో తీసినవేనని వాళ్ల నమ్మకం. కార్లు చేసేవాళ్లు నిజంగా ఎక్కణ్ణించి తెచ్చుకునేవారో ఆ పైవాడికే తెలియాలి. రోడ్డు మీద పోయే ప్రతి కారునూ మావాళ్లు పెళ్లయి అత్తారింటికి వెళ్లిన కూతుర్ని చూసినట్టు చూసేవారు.

అప్పట్లో మా బావ ఒక కాంట్రాక్టరు దగ్గర లారీ తోలేవాడు. ఆ కాంట్రాక్టు పోవడంతో పనీ పోయింది. అక్కనీ ఇద్దరు ఆడపిల్లల్నీ వెంటబెట్టుకుని అగ్రికో కాలనీలో మిల్లు ఇచ్చిన మా క్వార్టరుకే వచ్చేశాడు. నాన్నకు రిటైర్మెంటు దగ్గరపడింది. అదయితే క్వార్టరు ఖాళీ చెయ్యాలి. ఈలోగా ఒక పాత కారు కొని స్టేషను దగ్గర టాక్సీగా తిప్పుకుంటేనే బావ సంసారం నిలబడేది. అక్క మెళ్లో గొలుసు అందులోకే వెళ్లింది. చూసి చూసి చెడ్డ బండి కొంటే, రెండోది కొనే దారి లేదు.

అమ్మకానికి రెండు బండ్లున్నాయని తెలిసింది. నాన్నా, మిల్లులో ఆయన స్నేహితులిద్దరూ, బావా, నేనూ చూడ్డానికి బయల్దేరాం. పెళ్లిచూపులకు వెళ్లినట్టే నాన్న ఉతికిన చొక్కా వేసుకున్నాడు.

మొదటిది పర్సుడీహ్‌లో ఒక గోధుమల వ్యాపారిది, ఎమర్జెన్సీ ఏడాదిది. బావ దాన్ని బజారు చివరిదాకా నడిపి వచ్చాడు. దిగేటప్పుడు అతని మొహం వెలిగిపోయింది. చేతులు వదిలేసినా తిన్నగా పోతోందన్నాడు. నాన్న ముందు చక్రం పైనున్న రేకును బొటనవేలితో నొక్కాడు. అది లోపలికి పోయి, టప్పున పైకి లేచింది. స్నేహితులిద్దరూ చావింటికి వచ్చినట్టు తలలు ఊపారు.

"డాల్డా డబ్బా," అన్నాడు నాన్న. "సక్రాలెట్టి అమ్ముతన్నారు."

రెండోది అగ్రికోలోనే ఒక ఆఫీసరుగారిది. నల్లటిది, యుద్ధం ఏడాదిది. నాన్న దాని నెత్తి మీద కొట్టి కళ్లు మూసుకున్నాడు. గుడిలో గంట మోగినట్టుందన్నాడు. అంత మోగలేదు గాని, నేనూ మోగిందనే అన్నాను. బావ నడుపుతుంటే నేను వెనక కూర్చున్నాను. రోడ్డు తిన్నగా ఉంది, అతని చేతులు మాత్రం స్టీరింగును కుడికి తిప్పి పట్టుకునే ఉన్నాయి.

తిరిగొచ్చాక మెల్లిగా అన్నాడు: "మావా, ఎడమకి లాగతంది."

"లాగితే నట్టు బిగిత్తారు. ఇంజను మారుత్తారు, సక్రాలు మారుత్తారు. రేకు మారుత్తారేటి?"

అల్లుడు లారీలు తోలినవాడు కదా, కారు సుతారం ఏం తెలుస్తుందని స్నేహితుల్లో ఒకాయన ఎగతాళి చేశాడు. అందరూ నవ్వారు. బావ కూడా నవ్వాడు.

ఇంటికి వస్తుంటే నాతో మాత్రం చెప్పాడు. "పర్సుడీహ్ బండే బాగుంది. కానీ ఏటని సెప్తాను? మీ నాయిన తిండి తింటన్నాను."

నల్ల బండే కొన్నారు. మెకానిక్కు బిగించినప్పుడల్లా కొన్నాళ్లు తిన్నగా పోయేది, మళ్లీ ఎడమకి లాగేది. స్టేషన్నుంచి ఏటి అవతల మాంగో పేటకి, మాంగో నుంచి స్టేషనుకి బావ తిప్పుతూనే ఉన్నాడు. పెద్దపిల్లను బడిలో వేశారు. ఇంట్లో కొన్నాళ్లు చేపల కూర వాసన వచ్చింది.

వానాకాలం ఒక మధ్యాహ్నం మాంగో వంతెన మీద ఎదురుగా లారీ వచ్చింది. బావ పక్కకి తీశాడు. ముందు చక్రాన్ని పట్టి ఉంచే కీలు విరిగిపోయి, బండి ఎడమ గోడకు గుద్దుకుంది. స్టీరింగు అతని గుండెల్లో దిగింది. మేం వెళ్లేసరికి ఆస్పత్రికి తీసుకుపోయారు గాని, దారిలోనే పోయాడు.

బండి వానలో నిలబడి ఉంది. బావని ఎగతాళి చేసిన పెద్దమనిషి దాని చుట్టూ తిరిగాడు. "సూడు, తలుపు మీద సొట్ట నేదు. మన రేకు," అన్నాడు. ఆయనది చెడ్డ మనసు కాదు. ఓదార్పు అనుకునే అన్నాడు. నాన్న నీళ్లలో మోకాళ్ల మీద కూర్చుని, ముందు చక్రం కిందికి వంగి చూశాడు. ఆ బండి అడుగు ఆయన చూడ్డం అదే మొదటిసారి.

కర్మలయ్యాక బండిని నడిచేలా చేయించి గుమ్మం ముందు పెట్టారు. కొన్నాళ్లకు మాంగో నుంచి ఒకతను చూడ్డానికి వచ్చాడు. "కౌన్ సాల్ కా హై?" అని, ఏ ఏడాదిదని అడిగాడు. చెప్పాను. యుద్ధం ఏడాదివి చాలా గట్టివట కదా అని అతను సంబరపడ్డాడు. ఆ మాట అతని దాకా ఎలా పోయిందో నాకు తెలుసు. మా లైన్లో పుట్టిన మాట వంతెన దాటకుండా ఉంటుందా?

అక్క చిన్నదాన్ని చంకనేసుకుని బయటికి వచ్చింది. ఏడాది సంగతి వదిలెయ్యమని హిందీలో చెప్పింది. బండి ఎడమకి లాగుతుందనీ, తన మొగుడు ఇందులోనే పోయాడనీ చెప్పింది. అతను నమస్కారం పెట్టి వెళ్లిపోయాడు.

తలుపు వెనకనుంచి నాన్న గొంతు వినిపించింది. "అలా సెప్పీసినావేటమ్మా? ఇంకెవులు కొంటారు?"

"ఆడికీ పెళ్లాం ఉంటాది కదా నానా."

ఎవరూ కొనలేదు. చివరికి పాత ఇనుం వాళ్లే పట్టుకుపోయారు. నాన్న రిటైరయ్యాక మాంగోలో ఒకే గదిలోకి మారాం. అక్క అగ్రికోలో వంటపనికి కుదిరింది. పొద్దున్నే పిల్లలింకా పడుకుని ఉండగానే, మూతగిన్నెలో ఇంత చద్దన్నం పెట్టుకుని బస్సుకి వెళ్లిపోయేది. వాళ్లు లేచి అమ్మేదని అడిగితే నాన్నే జడలు వేసేవాడు. ఆయనకు జడలు వెయ్యడం రాదు. చిన్నది నొప్పని ఏడిస్తే, విప్పి మళ్లీ మొదలుపెట్టేవాడు.