ఎడమచేతి కఫ్ ఉషారాణి

మా వీధి బయ్యమ్మ కూతురు ఉషారాణి పదో తరగతి తప్పి, 2001లో కుప్పం స్టేషన్లో బెంగళూరు రైలెక్కి గార్మెంట్స్ కంపెనీలో చేరింది. ఒక గదిలో ఏడుగురు ఆడపిల్లలు. నీళ్లు తాగితే మాటిమాటికీ లేవాలి, లేస్తే సూపర్‌వైజర్ తిడతాడు. అందుకని గొంతు తడుపుకోకుండానే కుట్టేవాళ్లట. ఆ దొరగారు మాత్రం గంటకోసారి టీ తాగేవాడట.

ఆరేళ్లకు కిడ్నీలో రాయి పడి ఇంటికొచ్చింది. ఇక అటు పోను, ఊళ్లోనే కుట్టుకుంటానని పట్టుబట్టింది. ఆరేళ్లు మిషను తొక్కిన పిల్లకు పనికేం కొదవని వీధంతా అనుకున్నాం. బయ్యమ్మ బజారులో టైలర్ గోవిందప్ప దగ్గరకు తీసుకెళ్లింది. నేనూ వెంట వెళ్లాను. ఇలాంటివి చూడకపోతే నాకు అన్నం సహించదు.

గోవిందప్ప గుడ్డ, టేపు ముందుకు తోశాడు. "ఒక సొక్కా కుట్టుమ్మా, సూస్తాను."

పిల్ల గుడ్డ ముట్టుకోలేదు. "నేను కఫ్‌లు కుడతానన్నా."

"సరే. తక్కింది?"

"కాలరుకు ఒకరు, జేబుకు ఒకరు ఉంటారు. నాది ఎడమచేతి కఫ్."

"మరి కుడిచేతిది?"

"అది పక్క మిషను సుమలతది."

గోవిందప్ప నవ్వి నవ్వి కళ్లు తుడుచుకున్నాడు. నాకు ఒళ్లు మండింది. గంటకు అరవై కఫ్‌లు పిండుకున్న ఆ కంపెనీ పెద్దమనుషులకు, ఒక్క పూట పిల్ల చేతికి కత్తెర ఇవ్వడానికి మనసు రాలేదు. పని మొత్తం వస్తే బయటికి పోతుందని భయం కాబోలు.

"మళ్లా కంపెనీకే పోమ్మా. నీ పని ఆడనే ఉండాది" అన్నాడు గోవిందప్ప.

ఉషారాణి కదల్లేదు. "కాజాలు కుట్టేకి మనుషులు కావల్లా అన్నా?"

"అది కొత్తగా సేరినోళ్ల పని."

"నేనూ కొత్తగానే సేరతాండాను."

మర్నాటి నుంచి అంగట్లో చాప మీద కూర్చుని, చొక్కాలకు గుండీలు పట్టే కాజాలు చేత్తో కుట్టసాగింది. ఎదురింటి కాంతమ్మ ఊరుకుంటుందా? పనిలేకపోయినా పాత జాకెట్టొకటి చంకన పెట్టుకుని అంగడికొచ్చింది.

"ఏమే బెంగుళూరు టైలరమ్మా, ఆరేండ్లకు కాజాలేనా?"

"అవునత్తా" అంది ఉషారాణి, సూదికి దారం ఎక్కిస్తూ. "ఈడ సొక్కా మొత్తం కండ్ల ముందరే కుడతారు. కొంచెం జరుగు, గోవిందన్న కత్తిరించేది కనపడ్డంలేదు."