మిల్ట్రి సదానందం గీసిన బాట

మా కొత్తవాడలో ఉత్త సదానందం అంటే ఎవరికీ తెలియదు, మిల్ట్రి సదానందం అనాలి. తండ్రి జంపఖానాలు నేసేవాడు. కొడుకు మగ్గం ముందు కుదురుగా కూర్చోలేక ఫౌజులో చేరాడు. ఫిరంగి దళంలో సర్వే పని దొరికింది. ఫిరంగి ఎక్కడ నిలపాలో, గుండు ఎక్కడ పడాలో కొండలు కొలిచి మ్యాపు గీయడమే ఉద్యోగం. హవల్దారుగా రిటైరై ఇంటికొచ్చాక బ్యాంకు దగ్గర తుపాకీ పట్టుకుని నిలబడే కొలువు ఇస్తామన్నారు. "కొలిచే చేతులు నాయి, కాపలా నేను కాయ" అని మొండికేశాడు. శిక్షణ పూర్తిచేసి, పరీక్ష రాసి, లైసెన్సు సర్వేయరయ్యాడు. ఇప్పుడు ఒక కర్ర కొసకు యంత్రం తగిలించుకుని ఉపగ్రహాల లెక్కతో రైతుల హద్దులు కొలుస్తున్నాడు.

పని బాగా చేస్తాడు, కాదనను. చిక్కల్లా ఒకటే, గీసింది ఎవరికీ చూపించడు. ఫౌజులో పొద్దుగూకేసరికి మ్యాపులన్నీ ఇనుప బీరువాలోకి పోవలసిందే. పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదంటారు. ఫౌజులో వచ్చిన బుద్ధి మాత్రం పింఛనుతో పోతుందా?

పోయిన ఎండాకాలం ములుగు దారిలో ఒక ఊరికి వెళ్లాడు. అక్కడ మొండయ్య, పోశయ్య అని అన్నదమ్ములు. ఇద్దరి చేల మధ్య ఒక గెట్టు, దాన్ని ఆనుకుని అన్న వైపున, వాళ్లు అవ్వ అని పిలిచే తల్లి సమాధి. పంపకాల్లో మాటలు చెడ్డాక మొండయ్య తమ్ముణ్ణి అటు రానివ్వలేదు. పెద్దల్ని తలుచుకుని బియ్యమిచ్చే పెత్రమాసనాడు కూడా పోశయ్య గెట్టు ఇవతల నిలబడే దండం పెట్టుకునేవాడు. చివరికి పోశయ్యే సర్వేకు దరఖాస్తు పెట్టాడు.

సదానందం కొలిచాడు. ఏటేటా దుక్కిలో గెట్టు తమ్ముడి వైపుకు జరుగుతూ వచ్చిందనీ, సమాధి ఉన్నది నిజానికి పోశయ్య వాటాలోననీ తేలింది. వెంటనే మ్యాపు కనబడే టాబు మూసి సంచిలో పెట్టుకున్నాడు.

"ఏమొచ్చింది సారూ?" అన్నాడు పోశయ్య.

"రిపోర్టు ఆఫీసుల ఇత్త. ఆడ సూస్కోండ్రి."

"మా అవ్వ ఎవల దిక్కున్నదో గదన్న సెప్పరాదు?"

"సెప్పద్దు."

అంతే, బండెక్కి వచ్చేశాడు. తమ్ముడు సర్వేయరుకు లంచమిచ్చాడని అన్న, అన్నే ఇచ్చాడని తమ్ముడు గెట్టు మీదే పారలెత్తారు. ఊరివాళ్లు అడ్డం పడకపోతే ఒకరి తల పగిలేది. ఆ కబురు ఫోనులో వచ్చేసరికి సదానందం అన్నం తింటున్నాడు.

భార్య శోభారాణి ఊరుకోలేదు. "ఫౌజుల దుష్మన్‌కు తెల్వద్దని దాసినవ్, సరే. ఈడ దుష్మన్ ఎవలయ్యా? ఆళ్ల అవ్వ యాడున్నదో ఆళ్లకు తెల్వద్దా?"

చేయి కడుక్కుని లేచాడు. అంత సిగ్గు సర్వీసులో ఎన్నడూ పడలేదని నాతో అన్నాడు.

తెల్లవారి ముగ్గు మూట నా బండి మీద పెట్టించి నన్నూ వెంట లాక్కుపోయాడు. చేను మూలన పాత హద్దురాయి దగ్గరికి అన్నదమ్ములిద్దరినీ పిలిచి, టాబు మొండయ్య చేతిలో, ముగ్గు బొచ్చె పోశయ్య చేతిలో పెట్టాడు. తను యంత్రమున్న కర్ర పట్టుకున్నాడు.

"ఈ సుక్క మనం. ఈ గీత హద్దు. మొండన్నా, సుక్క గీత దాటకుంట నువ్వే తోవ సెప్పు. పోశన్న ముగ్గు పోసుకుంట వత్తడు."

ఊరంతా చూస్తుండగా ముగ్గురూ కదిలారు. మొండయ్య తల ఎత్తకుండా చెబుతున్నాడు, జర ఇటు, జర అటు అని. సమాధి దగ్గరికొచ్చేసరికి గీత దానికి మొండయ్య వైపు నుంచి పోయింది. తను నడిపించిన గీతే సమాధిని తమ్ముడికి అప్పజెప్పింది. అక్కడే గొంతుక్కూర్చున్నాడు.

"గట్లయితే పెత్రమాసకు నేను యాడికి పోవాలె?" అన్నాడు. ఎవరిని అడిగాడో అతడికే తెలియదు.

పోశయ్యకు ఇన్నేళ్ల కసి తీర్చుకోవడానికి ఒక్క మాట చాలు. కానీ అతడు అన్న వైపు చూడలేదు. బొచ్చెలో మిగిలిన ముగ్గును చూస్తూ సదానందాన్ని అడిగాడు.

"సారూ, మీ మ్యాపుల బాట గీత్తరా?"

"ఇద్దరు సంతకం పెడితె గీత్త. యాడికెల్లి?"

"మా అన్న బాయికాడికెల్లి మా అవ్వ కాడికి."

సదానందం బావి నుంచి సమాధి దాకా బాట గీశాడు. రెండు కాపీలు తీయించి చెరొకటి చేతికిచ్చాడు. అన్నదమ్ములకు ఇంకా మాటల్లేవు. మొన్న పెత్రమాసనాడు మాత్రం మొండయ్య బియ్యం మూట పట్టుకుని ఆ బాటన నడిచొచ్చేదాకా పోశయ్య సమాధి దగ్గర దీపం ముట్టించలేదు.