బెల్లం వంటలయ్యాక

మొన్న మనవడికి టీకా వేయించడానికి కోడలితో కలిసి మా చోడవరం ఆస్పత్రికి వెళ్లాను. ఎండ మండిపోతోంది, పిల్లలందరూ ఒకే గొంతుతో ఏడుస్తున్నారు. నర్సమ్మ మావాణ్ణి తూకం వేసి, సూది పొడిచి, వాడింకా కెవ్వుమంటూండగానే మా కోడలి వైపు తిరిగి, "ఇంకో బిడ్డ ఇప్పట్లో కావాలేటి? వద్దంటే ఏటి వాడతన్నావు?" అని అడిగింది. పక్కన అత్తగారు నిలబడి ఉందన్న జంకు లేకుండా మా కోడలు, "మాత్రలు పడటం లేదండీ, కాపర్ టీ గురించి చెప్పండి" అంది. వంకాయలు బేరమాడుకున్నంత మామూలుగా మాట్లాడేసుకున్నారిద్దరూ. నాకు నవ్వొచ్చింది. నవ్వు సగంలోనే ఆగి బెంచీ మీద కూలబడితే కోడలు కంగారుపడింది. "ఎండమ్మా" అన్నాను. ఎండ కాదు, మా ఆడపడుచు గుర్తొచ్చింది.

మా ఆయనకి ఒక్కతే చెల్లెలు. బుచ్చయ్యపేట దగ్గర చెరుకు పండించే ఇంటికిచ్చారు. చంటివాడి టీకాలకని అత్తగారిని వెంటబెట్టుకుని చోడవరం వచ్చేది. పనయ్యాక ఆవిణ్ణి బజారుకి పంపేసి మా ఇంట్లో దూరేది. వస్తూనే గిన్నెల మీద మూతలన్నీ తీసి చూసి, "ఏటొదినా, ఈ కూరలు తినీ తినీ మా అన్న సెరుకు పిప్పయిపోనాడు" అనేది. "మీయమ్మ నాకు పిప్పే ఇచ్చిందే తల్లీ, రసం ఎప్పుడో తాగేసింది" అనేదాన్ని నేను. నవ్వడానికి తప్ప ఒంట్లో సత్తువ లేదు దానికి. రెండో కాన్పులో చచ్చి బతికింది. రక్తం ఎక్కించారు. ఇంకో కాన్పుకి ఈ ఒళ్లు ఆగదని డాక్టర్లు మరీ మరీ చెప్పి పంపించారు. ఆగదన్నారు, సరే. కడుపు రాకుండా ఏం చెయ్యాలో వాళ్లు చెప్పలేదు, మావాళ్లు అడగలేదు.

ఇందులో తిట్టిపోయడానికి ఒక్క మనిషి దొరకడు, అదే నా ఏడుపు. మొగుడు బంగారంలాంటివాడు. అత్తగారైతే తనే నోరు తెరిచి, "ఇద్దరు సాల్లే, ఆపరేసను సేయించేద్దాం" అంది. అందరూ సరేనన్నారు. కాకపోతే, బెల్లం వంటలయ్యాక, అంటే చెరుకురసం కాచి బెల్లం దింపడం అయ్యాక. మా వైపు అది శాసనం. చెరుకు కోత మొదలైతే పెళ్లిచూపులు ఆగుతాయి, పంటినొప్పి కూడా ఆగాల్సిందే. గానుగ వంతు వచ్చిందంటే ఇంటిల్లిపాదీ పాకలోనే. ఆడవాళ్లు చెరుకు మొయ్యాలి, పిప్పి ఎండబెట్టాలి, పొయ్యి ఎగదొయ్యాలి. ఆపరేషనైన మనిషి బరువెత్తకూడదాయె. మరి ఈలోగా? ఈలోగా అనే మాటే ఎవరికీ తట్టలేదు. మా ఎరుకలో ఉన్నది ఆపరేషనొక్కటే.

"పిల్లడు పాలు తాగతన్నాడు, నెల రావట్లేదు, పర్లేదంటంది మా అత్త" అంది ఓ రోజు. "మాయమ్మా అదే సెప్పేది. మరి నాకూ సెల్లికీ ఏడాదే ఎడం ఎలాగొచ్చిందే అనడిగితే సీపురు తీసింది" అన్నాను. ఇద్దరం పడీ పడీ నవ్వాం. నవ్వు తగ్గాక, "టీకాకి ఎల్లినప్పుడు ఆ నర్సమ్మని అడగొచ్చు కదే?" అన్నాను. "ఎలాగడుగుతానొదినా? పక్కన మా అత్త, ఎనకాల మా ఊరోల్లందరూ. ఆవిడ పిల్లడి రెక్క సూత్తాది గానీ నా మొకం సూడదు" అంది. ఈసారి నేనొచ్చి మీ అత్తని మాటల్లో పెడతాను, నువ్వడుగు అన్నాను. తీరా ఆ రోజుకి గానుగ వంతు వచ్చేసింది, పిల్లాడి టీకా వాళ్ల ఊళ్లోనే అయిపోయింది. పోనీ మీ బావగారితో మీరైనా చెప్పండని మా ఆయన ప్రాణం తీశాను. "సెల్లెలి సంగతి బావతో నానేటి మాటాడతానే, సిగ్గునేదా!" అని చొక్కా తగిలించుకుని వీధిలోకి వెళ్లిపోయారు. గేదె చూడి గురించైతే ఆ బావాబావమరుదులు పూటపూటలు మాట్లాడుకునేవారు మహానుభావులు!

వంటలయ్యాయి. బెల్లం అనకాపల్లి చేరింది. ఆపరేషనుకి రోజు చూసుకుందామని వచ్చిన మనిషి ఆ రోజు వంటింటి గుమ్మంలోనే చతికిలబడింది. "ఒదినా, లోపల కదులుతన్నాది" అంది. నెల తప్పిందని తెలియడానికి అసలు నెల వస్తేగా! నేనే డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లాను. నెలలు ముదిరాయి, రక్తం మరీ తక్కువ, తీసినా ముప్పే, ఉంచినా ముప్పేనంది ఆవిడ. ఇక నాకు చేతనైందల్లా మునగాకు, ఖర్జూరాలు, ఐరన్ మాత్రలు. అది కిమ్మనకుండా మింగేది. నేను దాని కనురెప్ప కిందికి లాగి చూసేదాన్ని. ఎప్పుడు చూసినా సున్నం కొట్టినట్టు తెల్లగా ఉండేది.

కాన్పుకి విశాఖ తీసుకెళ్లారు. ఆడపిల్ల పుట్టింది. రక్తం ఆగలేదు. డాక్టర్లు పరుగులు పెట్టారు, మావాళ్లు వరసలో నిలబడి రక్తమిచ్చారు. పసిదాన్ని ఒళ్లో పెట్టుకుని బయట కూర్చున్నాను నేను. లోపలికి ఎన్ని సీసాలు వెళ్లినా మా పిల్ల తిరిగి రాలేదు.

పసిది మా ఇంట్లోనే పెరిగింది. ఇప్పుడు హైస్కూలు. నోరు అచ్చం తల్లిదే. మొన్న మనవడి టీకా రోజు సాయంత్రం జడ వేస్తూంటే, అద్దంలోంచి నన్నే చూస్తూ, "అత్తా, నేను పుట్టకపోతే మా అమ్మ బతికుండేదంట కదా?" అంది. "నోర్ముయ్! ఎవర్తి సెప్పింది నీకు?" అని కసిరాను. జడ వంకరైంది, మళ్లీ విప్పి మళ్లీ వేశాను. పోయినవాళ్ల కోసం ఏడ్చేవాళ్లందరూ కాలం ఒక్కసారి వెనక్కి తిరిగితే బాగుండుననుకుంటారు. ఆ చెరుకు కోతల ముందుకి తిరిగితే నా ఆడపడుచు దొరుకుతుంది గానీ, చేతిలో ఈ జడ ఉండదు. అంచేత కాలాన్ని ఆ మాత్రం అడిగే దారి కూడా నాకు లేకపోయింది.