బొత్తాం టీచరు

ఇప్పుడు ఆవిడకు అరవై రెండేళ్లు. పరాయి భాష చెప్పబోయే కొత్త టీచర్లకు శిక్షణ ఇస్తుంది. "క్లాసు అదుపులో ఉండాలంటే ఏం చెయ్యాలి మేడమ్?" అని వాళ్లు పెన్నులు పట్టుకుని కూర్చుంటారు. గుమ్మం దగ్గరే నిలబడి పిల్లల్ని పేరు పెట్టి పలకరించమంటుంది. గోల పెరిగితే మీ గొంతు తగ్గించమంటుంది. "ఇద్దరిద్దరి చేత రెండు నిమిషాలే మాట్లాడించండి. మూడో నిమిషంలో సినిమా కబుర్లు మొదలవుతాయి" అంటుంది. చివర్లో ఎవరో ఒకరు "మీరెప్పుడైనా తప్పు చేశారా?" అని అడుగుతారు. అప్పుడు మాత్రం కళ్లద్దాలు తీసి తుడుచుకుంటుంది.

ఆ తప్పు ఇరవై నాలుగేళ్ల వయసులో చేసింది. అప్పటికి ఉద్యోగం తాత్కాలికమే. ఏడాది చివర ఇన్‌స్పెక్టరు వచ్చి పిల్లల చేత ఆ భాష మాట్లాడిస్తాడు, ఆయనకు నచ్చితేనే ఖాయం. "ఈలోగా మీ గదిలోంచి గోల వినిపించిందో, ఇన్‌స్పెక్టరు దాకా అక్కర్లేదు" అన్నాడు హెడ్‌మాస్టరు. ఆ గది వరండా చివర, విరిగిన బెంచీలు పడేసే కొట్టు పక్కన. తలుపు మోకాలితో నెడితే గానీ పడేది కాదు. లోపల ముప్ఫై ఎనిమిది మంది పిల్లలు.

ఆవిడ అక్క బట్టలు కుట్టేది, ఇంట్లోనే. ఆ కుట్టుడబ్బాలోంచి పెద్ద నల్ల బొత్తాం ఒకటి తెచ్చింది టీచరు. క్లాసులో సొంత భాష మాట్లాడినవాళ్ల చేతికి ఆ బొత్తాం వస్తుంది. వాళ్లు చెవులు రిక్కించుకుని కూర్చుని, ఇంకెవరైనా నోరు జారితే వాళ్లకు అంటగట్టాలి. ఆఖరి గంటకు ఎవరి దగ్గరుంటే వాళ్లు గది ఊడవాలి. రెండు వారాలు తిరిగేసరికి చీమ చిటుక్కుమన్నా వినిపించేంత నిశ్శబ్దం. హెడ్‌మాస్టరు కిటికీలోంచి చూసి మురిసిపోయాడు. పిల్లలు మాత్రం ఆవిడకు బొత్తాం టీచరని పేరు పెట్టేశారు.

ఇంటికొచ్చి గొప్పలు చెప్పుకుంటే, అక్క నోట్లోంచి గుండుసూదులు తీసి, "బుద్ధిగా ఉన్నారా, బిక్కచచ్చి ఉన్నారా? కాస్త చూసుకో" అంది. చెల్లెలికి ఒళ్లు మండింది. మిషను తొక్కేవాళ్లకు పాఠాల సంగతి ఏం తెలుసని!

బొత్తాం ఎక్కువసార్లు చేరింది ఇస్త్రీ బండాయన కూతురి చేతికి. ఆ పిల్ల వసపిట్ట. నోరు మూసుకోవడం పుట్టుకతోనే రాదు. ఒక మధ్యాహ్నం టీచరు బోర్డు మీద రాసి వెనక్కి తిరిగేసరికి, ఆ పిల్ల పిడికిలితో ముక్కు మూసుకుని ఉంది. నోటుపుస్తకం మీద నెత్తురు చుక్కలు. పాఠంలో ఉన్నట్టే పరాయి భాషలో "ఏమైంది?" అంది టీచరు. పిల్ల నోరు తెరిచి, పక్కపిల్ల చేతిలో ఉన్న బొత్తాం చూసి మూసేసింది. గదిలో ఒక్కరూ కిక్కురుమనలేదు. ముక్కులోంచి రక్తం కారుతోందని ఆ భాషలో ఎలా చెప్పాలో ఆవిడ నేర్పితే కదా! సొంత భాషలో చెప్పనివ్వనూ లేదు.

టీచరు కుళాయి దగ్గర ఆ పిల్ల ముఖం కడుగుతూ "ఒక్క మాట చెప్పొచ్చు కదమ్మా!" అంది.

"చెప్తే బొత్తాం వస్తుంది కదా టీచర్. నిన్న కూడా నేనే ఊడ్చా."

మర్నాటి నుంచి ఆ పిల్ల క్లాసులో పెదవి విప్పలేదు. ఏ భాషలోనూ.

బొత్తాం ఆ నెత్తురు చూసిన రోజే అక్క డబ్బాలోకి పోయింది. "తప్పు నాది" అని టీచరు పిల్లలందరి ముందూ సొంత భాషలోనే ఒప్పుకుంది. అడగనిదే అమ్మైనా పెట్టదు, కాబట్టి రోజూ మొదటి పది నిమిషాలు ఎవరికేం చెప్పాలనుంటే అది సొంత భాషలోనే అడగమంది. దాన్ని ఆ భాషలో ఎలా అనాలో కాగితం మీద రాసి గోడకు అంటించేది. కడుపు నొప్పిగా ఉంది. వీడు నా పెన్సిలు తీశాడు. కిటికీ మూయండి, ఎండ పడుతోంది. క్లాసు చేపల బజారైంది. "ఇది బడా, సంతా?" అని హెడ్‌మాస్టరు రెండుసార్లు కాగితం పంపాడు. మూడోది వస్తే ఇంటికే. ఆవిడకు నిద్ర పట్టేది కాదు. వసపిట్ట మాత్రం ఎన్ని నెలలైనా మాట్లాడలేదు. టీచరు బలవంతపెట్టలేదు, గోడ మీద కాగితాలు రాసే పని ఇచ్చింది. వంచిన తల ఎత్తకుండా రాసేది.

ఇన్‌స్పెక్టరు రానే వచ్చాడు. గొడుగు మూల పెట్టి, అంతమందిలో సరిగ్గా ఆ పిల్లనే లేపాడు. మీ నాన్న ఏం చేస్తాడని ఆ భాషలో అడిగాడు. పిల్ల నేల చూపులు చూసింది, గోడ చూసింది, ఆయన చొక్కా చూసింది. ఆ తర్వాత మొదలుపెట్టింది. నాన్న ఇస్త్రీ చేస్తాడట. బొగ్గులు ఎక్కువైతే బట్ట కాలుతుందట. కాలరు కష్టమట, అయ్యగారి కాలరు అస్సలు బాగా చెయ్యలేదట, ఎవరు చేశారట? ఇన్‌స్పెక్టరు కాలరు తడుముకున్నాడు. క్లాసంతా గొల్లుమంది. మాట మాటకీ తప్పే, అయినా ఆగితే కదా!

ఆ ఏడాది ఉద్యోగం ఖాయమైంది. కానీ శిక్షణకు వచ్చినవాళ్లకు ఆవిడ చెప్పేది అది కాదు. ఆ రోజు పిల్ల ఇంకా మాట్లాడుతుండగానే గంట కొట్టేశారు. గుమ్మంలో హెడ్‌మాస్టరు పెదాల మీద వేలు పెట్టి, ఆ పిల్లను ఆపమని సైగ మీద సైగ చేస్తున్నాడు. ఆవిడ చూసింది. చూసీ చూడనట్టు పిల్ల వైపు తిరిగి, కళ్లనిండా నీళ్లతో, "ఊఁ, ఆ తర్వాత?" అంది.